పేరు దాచిన కప్పులు

టీ రుచి చూసి జీతం తీసుకున్నానంటే మా బంధువుల్లో ఇప్పటికీ కొందరు నవ్వుతారు. నిజానికి ఆ గదిలో నేను తాగింది తక్కువ, ఉమ్మింది ఎక్కువ. సూరత్‌లో ఒక టీ ప్యాకింగ్ కంపెనీలో టేస్టర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఒకటే. "మేడమ్, సినిమాల్లో వైన్ రుచి చూస్తారు కదా, అలాంటిదేనా?"

అలాంటిదే. గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది కాబట్టి వైన్ సంగతి నాకు తెలియదు. సీసా మీది పేరు కప్పేసి రుచి చూస్తారనీ, అలా నెగ్గిన దానికి మెడల్ ఇస్తారనీ విన్నాను. మేమూ టీతో అదే చేశాం. అలాంటి మెడల్ కొనేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది నాకు కరోనా కాలంలో జరిగిన ఒక వ్యవహారం నేర్పింది. ప్రమోషన్ల గురించి రాయను. ఆ వ్యవహారం గురించే రాస్తాను.

ముక్కుతో చేసే పని

మా బాపు సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేశాడు. ఇంట్లో తెలుగు, సందులో హిందీ, బడిలో గుజరాతీ మాట్లాడుతూ పెరిగాను. కెమిస్ట్రీతో డిగ్రీ చేసి ఖాళీగా ఉన్నప్పుడు నన్ను ఈ పనిలోకి తెచ్చింది గంగాధర్ కాక. మాకు చుట్టం కాదు, బాపు వాళ్ల పక్క ఊరాయన. అప్పటికే ఆ కంపెనీలో పెద్ద టేస్టర్.

పని చూడటానికి తేలిక. తెల్లటి కప్పులు వరసగా పెడతారు. అన్నింట్లోనూ ఒకే తూకం పొడి, ఒకే నీళ్లు, నానే సమయం కూడా ఒకటే. చెంచాతో తీసుకొని గట్టిగా చప్పుడు చేస్తూ పీల్చాలి. అలా పీలిస్తేనే ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కుతుంది. నాలుక చెప్పేది చేదు, వగరు, తీపి లాంటి నాలుగు మాటలే. ఆకు తాజాదా, ఎండబెట్టేటప్పుడు మాడిందా, గోనెసంచి వాసన పట్టిందా అన్నదంతా ముక్కే చెబుతుంది. నేను మల్లెపూలు పెట్టుకొని వచ్చిన రోజు కాక నన్ను గుమ్మంలోనే ఆపేశాడు.

"పూలు దీసి రా బిడ్డా. లేకుంటే ఇయ్యాల అన్ని చాయ్‌లల్ల మల్లెపూల తోటనే కనబడ్తది నీకు."

పెద్ద సేఠ్ తన టీని తానే తిట్టిన రోజు

కంపెనీ పెట్టింది పెద్ద సేఠ్. నిద్రలో లేపి ఇచ్చినా తన టీని గుర్తుపడతానని అందరితో అనేవాడు. ఒకసారి రింగ్ రోడ్ బట్టల వ్యాపారులు కొందరు ఆయన దగ్గరికి వచ్చి కూర్చున్నారు. సేఠ్ మళ్లీ అదే మాట అన్నాడు. కాక లోపలికి వెళ్లి, ఏ గుర్తూ లేని కప్పులు తెచ్చి ముందు పెట్టాడు. సేఠ్ ఒక్కొక్కటీ పీల్చి, ఒక కప్పు దగ్గర మొహం చిట్లించాడు.

"ఇది ఏ సందులో బండివాడిది?"

ఆ కప్పే మాది. వ్యాపారులు పడీపడీ నవ్వారు. సేఠ్ మొహం కందిపోయింది. కాక ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. మర్నాడు సేఠ్ వచ్చి, ఇకమీదట టేస్టింగ్ గదిలోకి ఏ కంపెనీ ప్యాకెట్టూ రాకూడదని, మాది కూడా రాకూడదని చెప్పి వెళ్లాడు. నేను చూసిన పై అధికారుల్లో ఆయన మీద నాకున్నంత గౌరవం మరొకరి మీద లేదు. పదిమందిలో పరువు పోయినచోటే ఒక మంచి నియమం పెట్టగలిగినవాళ్లు తక్కువ.

"పేరు కండ్ల పడ్డదంటే నాలుక సలాం కొడ్తది," అన్నాడు కాక ఆ రోజు. పేరు దాచి రుచి చూడటం ఎందుకంటే నా దగ్గర ఇంతకన్నా మంచి జవాబు లేదు. రంగురంగుల ప్యాకెట్టు, టీవీలో ప్రకటన, ఎక్కువ ధర, ఇవన్నీ నాలుకకు ముందే చేరిపోతాయి. అనుభవం ఉన్నవాళ్లకూ అంతే.

ఆ బిళ్ల ఏం చెబుతుంది

నగరంలోని టీ వ్యాపారుల సంఘం ఏడాదికోసారి పోటీ పెట్టేది. ధరను బట్టి ప్యాకెట్లను తరగతులుగా విడదీసేవారు. సాంచాల కార్మికుడు కొనే డస్ట్ టీని ఖరీదైన ఆకు టీ పక్కన నిలబెట్టి ఓడించడం న్యాయం కాదు. పేర్లు తీసేసి కప్పులకు నంబర్లు ఇచ్చేవారు. ఏ నంబరు ఎవరిదో ఒక్క మనిషికే తెలుసు. ఐదుగురు న్యాయనిర్ణేతలం ఎవరికి వాళ్లం మార్కులు వేసేవాళ్లం. అందరం ఏదో ఒక కంపెనీ జీతగాళ్లమే. మా కంపెనీల టీలు కూడా ఆ వరసలోనే ఉండేవి. పేరు దాచకపోతే అది పోటీ అనిపించుకోదు. గెలిచిన టీ ప్యాకెట్ మీద మెడల్ బొమ్మ ఉన్న బంగారు రంగు బిళ్ల అంటించుకునేవారు.

మా అమ్మ ఒకసారి కిరాణా కొట్టు నుంచి అలాంటి ప్యాకెట్ తెచ్చి నన్ను నిలదీసింది.

"గీ బిళ్ల ఏందే? సర్కారోడు ఇచ్చిండా?"

"కాదమ్మా. పేరు దాచి తాగి చూసి మేమే ఇస్తం."

"మీకు నచ్చితే నాకు నచ్చాల్నని ఉన్నదా?"

లేదు. నా సర్వీసంతటిలో ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. మెడల్ చెప్పేది కొంచెమే. ఒక రోజున, అదే ధరలో ఉన్న టీలన్నింటిలో, పేరు తెలియకుండా తాగి చూసిన కొందరు దీన్ని మెచ్చుకున్నారు. అంతే. కొట్లో అరనిండా ప్యాకెట్లు ఉంటే ఏ రెండు మూడింటితో మొదలుపెట్టాలో అది చెబుతుంది. ఆ తర్వాత మీ ఇంటి పాలు, మీ చక్కెర, మీ నాలుక తేల్చుకోవాలి. అమ్మకు ఇదే చెప్పాను. ఆమె ఆ టీనే కొనసాగించింది. తర్వాత నుంచి కొత్త టీ కొనాల్సి వస్తే ముందు బిళ్ల కోసమే వెతికేది.

బ్లీచింగ్ కప్పు

లాక్‌డౌన్ ఏడాది పోటీ జరగలేదు. సాంచాలు ఆగిపోయాయి. మనవాళ్లు చాలామంది ఊళ్లకు వెళ్లిపోయి, నెమ్మదిగా తిరిగివచ్చారు. కరోనా రెండో అలలో గంగాధర్ కాక ఆసుపత్రి పాలయ్యాడు. బతికి బయటపడ్డాడు. చొక్కా వదులైంది, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఆ అల తగ్గాక సంఘం మళ్లీ పోటీ పెట్టింది. అప్పటికి పెద్ద సేఠ్ లేడు. ఆయన కొడుకు కేతన్‌భాయ్ మా యజమాని. ఆ ఏడాది సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. ప్రధాన న్యాయనిర్ణేత ఎప్పటిలాగే కాక.

ఒకరి చెంచా ఒకరు ముట్టకూడదు, ఒకరు రుచి చూసి బయటికి వెళ్లాకే ఇంకొకరు లోపలికి రావాలి. నేను మొదట రుచి చూసి, ఏర్పాట్లు చూసేందుకు గది చివర మాస్కు పెట్టుకొని నిలబడ్డాను. నా వంతులో ఒక కప్పు దగ్గర చెంచా వెనక్కి తీసి, దోషం ఉందని రాశాను. బ్లీచింగ్ వాసన. హాలంతా మందు కొట్టినప్పుడు విప్పి ఉన్న ప్యాకెట్‌కు పట్టినట్టుంది. మా నియమం ప్రకారం, కప్పులో దోషం కనిపిస్తే అక్కడికక్కడే చెప్పాలి. నా తర్వాత వచ్చిన ముగ్గురూ ఆ కప్పు దగ్గర తల పక్కకు తిప్పుకొని, ఇది పాడైందని చెప్పి వెళ్లారు.

చివరికి కాక వచ్చాడు. ఆ కప్పు పీల్చాడు. ఉమ్మాడు. మార్కు వేసి పక్క కప్పుకు జరిగాడు.

"కాకా, గా కప్పు ఎట్లున్నది?" అని అడిగాను.

"మంచిగున్నది. రంగు జోరుగున్నది."

నా కళ్లలో ఏం కనబడిందో తెలియదు. ఆయన చెంచా కింద పెట్టి, మళ్లీ తీసుకున్నాడు. మిగిలిన కప్పులు ముగించి, మార్కుల కాగితం ఇచ్చి బయటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను. హాలు వెనక మెట్ల మీద కూర్చున్నాడు.

"వాసన ఎప్పటి సంది తెలుస్తలేదు కాకా?"

"దవాఖాన నుంచి వచ్చినప్పటి సంది. అందరికి వస్తున్నదంటే నాకు గూడ వస్తదనుకున్న. రాలే. మొన్న ఇంట్ల అన్నం మాడి పొగ లేసింది. పక్కనే కూసున్న, తెల్వలే."

"మరి చెప్పకపోతివి?"

"ఏమని చెప్పాలె? కండ్లు కనబడనోడు తెగిన పోగు అతుకుతా అంటే సాంచా మీద నిలబెడ్తరా?"

"మార్కులు ఎట్ల ఏసినవ్?"

"రంగు జూసిన. చేదు, వగరు నాలుక మీద తెలుస్తనే ఉన్నయ్. మిగతాది యాది మీద ఏసిన." తర్వాత చిన్న గొంతుతో అన్నాడు. "దీపావళికి నేనే పని బంద్ జేస్త బిడ్డా. ఈ ఒక్కసారికి ఊకో."

నాకు ఈ పని నేర్పినాయన నన్ను అడిగిన మొదటి సహాయం అది. సరే అనాలని నోటిదాకా వచ్చింది. కానీ నా నోటి నుంచి వచ్చిన మాట వేరు.

"మా అమ్మ గా బిళ్ల జూసే కొంటది కాకా."

ఆయన మెట్టు మీద చేతులు ఆనించాడు. తర్వాత లేచాడు. "నా మార్కులు తీసెయ్యి. నువ్వు చెప్పకు, నేనే చెప్త," అన్నాడు. హాల్లోకి వెళ్లి అందరి ముందూ నిలబడి, తనకు వాసన తెలియడం లేదని గుజరాతీలో ఒక్క ముక్కలో చెప్పాడు.

కేతన్‌భాయ్ వాదన

చిక్కు అక్కడితో తీరలేదు. మేం మెట్ల మీద ఉన్నప్పుడే ఏ నంబరు ఎవరిదో విప్పేశారు. మధ్య ధర తరగతిలో మా కంపెనీ టీ మొదట వచ్చింది. మా టీ రంగు మంచి ఎరుపు, కాక మార్కులు దాన్ని పైకి తెచ్చాయి. ఆ మార్కులు తీసేస్తే సూరత్ అవతల కిమ్ అనే ఊరి దగ్గర చిన్న షెడ్డులో ప్యాకింగ్ చేసే నర్సయ్య టీ మొదటికి వస్తుంది.

కేతన్‌భాయ్ నన్ను పక్కకు పిలిచాడు. "సుజాతాబెన్, ఫలితం తెలిశాక మార్కులు కొట్టేస్తే దాన్ని ఏమంటారు? రేపు ఎవరికి నచ్చకపోయినా ఇలాగే కొట్టేయమంటారు. పైగా గంగాధర్‌భాయ్‌ని ఇంతమందిలో చిన్నబుచ్చుతావా?"

ఆయన స్వార్థంతోనే అన్నాడు. అయినా మొదటి మాటలో న్యాయం ఉంది. కుర్రవాళ్లకు ఇది గట్టిగా చెబుతాను, ఎదుటివాడి ఉద్దేశం మంచిది కానంత మాత్రాన అతని వాదన తప్పైపోదు. పేర్లు బయటపడ్డాక మార్కులు ఉంచినా తప్పే, తీసినా తప్పే.

"అయితే రెండూ వద్దు భాయ్. సీలు విప్పని ప్యాకెట్లు ఇంకా ఉన్నాయి. రేపు కొత్త నంబర్లతో మళ్లీ మొదలుపెడదాం. నంబర్లు వేయడానికి మనలో ఎవరూ వద్దు, బయటి మనిషిని పిలుద్దాం," అన్నాను.

"మన టీ ఓడిపోతే?"

"ఓడిపోతుంది."

ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కానీ మిగతా వ్యాపారులు మళ్లీ రుచి చూడాలనే పట్టుబట్టారు. మర్నాడు పక్క బడి నుంచి ఒక టీచరమ్మ వచ్చి నంబర్లు వేసింది. నలుగురం రుచి చూశాం. నర్సయ్య టీ మొదటిది. మాది మూడోది. కేతన్‌భాయ్ చాలాకాలం నాతో పని మాటలే తప్ప వేరే మాట్లాడలేదు. దీపావళికి ముందే కాకను ఇంటికి పంపేశాడు. శాలువా కప్పారు. కాక ఆ శాలువా మడిచి చంకలో పెట్టుకొని ఆటో ఎక్కాడు. నా ఉద్యోగ జీవితంలో అంత బరువైన రోజు ఇంకోటి లేదు. నేను చేసింది తప్పనుకోలేదు. అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు.

కిమ్ షెడ్డు

నర్సయ్య మాకు తెలియనివాడు కాదు. కరీంనగర్ వైపు నుంచి వచ్చి కొన్నేళ్లు మిల్లులో చేసి, తర్వాత భార్య భూదేవితో కలిసి టీ ప్యాకింగ్ మొదలుపెట్టాడు. బిళ్ల వచ్చాక సాంచాల బస్తీల్లో అతని టీ ఊపందుకుంది. కొన్ని నెలలకు, బిళ్ల చూసి అదే కొంటున్న మా అమ్మే తేడా ముందు కనిపెట్టింది.

"గీ చాయ్ మునుపటి లెక్క లేదే. నీళ్లు తాగినట్టున్నది."

వేర్వేరు కొట్లలో ప్యాకెట్లు కొన్నాను. పోటీ నాటి ప్యాకెట్ ఒకటి మా దగ్గర దాచి ఉంది. వాటి కప్పులన్నీ కలిపేసి నంబర్లు వేయమని తోటి టేస్టర్‌కు చెప్పి రుచి చూశాను. పోటీ నాటి టీ వేరుగా నిలబడింది. మిగతావన్నీ చప్పగా ఉన్నాయి. మర్నాడు కిమ్ వెళ్లాను.

నర్సయ్య దాచలేదు. "ఆ తోట ఆకు దొరుకుతలేదక్కా. ఆర్డర్లేమో మీద పడ్డయ్. దొరికిన చాయ్‌పత్తి కలిపిన. బిళ్ల ఉన్నది గదా, నడుస్తదన్నరు అందరు."

"బిళ్ల ఇచ్చింది నీ పేరుకు కాదు నర్సయ్యా. ఆ రోజు తాగిన చాయ్‌కి ఇచ్చినం."

అతనికి కోపం వచ్చింది. "పెద్ద కంపెనీలు పాత బిళ్లనే ఏండ్లకేండ్లు ముద్రిస్తయ్. వాళ్ల చాయ్ అట్లనే ఉన్నదా? గరీబోడి షెడ్డుకు మాత్రం తనిఖీకి వస్తరు. నీ సేఠ్‌ని అడిగినవా ఎన్నడన్న?"

అడగలేదు. ఆ మాట నిజం. అదే చెప్పాను. "నువ్వన్నది కరెక్టే. ఇకనుంచి అందరినీ అడిగేటట్టు చేస్త. నీ నుంచి మొదలుపెట్టనియ్యి."

భూదేవి లేచి, ఒక గుడ్డ తడిపి తెచ్చి, గోడ పక్కన పేర్చి ఉన్న ప్యాకెట్ల మీది బిళ్లలు ఊడదీయడం మొదలుపెట్టింది. "వచ్చిన బిళ్ల మళ్ల వస్తది. బస్తీల పేరు పోతే రాదు," అంది మొగుడితో. కాసేపటికి నర్సయ్య కూడా పక్కన కూర్చున్నాడు.

సంఘం సమావేశంలో నేను మూడు మాటలు పెట్టాను. పోటీకి కంపెనీ పంపిన ప్యాకెట్ తీసుకోవద్దు, కొట్లో మనమే కొందాం. బిళ్ల మీద ఏడాదీ, ఏ సరుకుకు వచ్చిందో అదీ ఉండాలి. నడుమ ఒకసారి మళ్లీ కొని చూద్దాం, తేడా వస్తే బిళ్ల తీయించాలి. అందరికన్నా ముందు ఒప్పుకున్నది కేతన్‌భాయ్. నర్సయ్యను పట్టుకోవచ్చనుకున్నాడు. మొదటి తనిఖీలోనే మా కంపెనీ పాత బిళ్ల ఒకటి ఊడింది. అప్పుడు గొడవ చేయలేదు. ఆకు కొనే పద్ధతి మార్చాడు. ఆయనలో తండ్రి పోలిక నాకు మొదటిసారి కనబడింది అక్కడే.

కొనేవాళ్లు కూడా ఇదే చూడాలి. ఏడాది లేని మెడల్, ఎవరిచ్చారో రాయని మెడల్, డబ్బు కట్టిన ప్రతివాడికీ వచ్చే మెడల్ ఉత్త బొమ్మ.

నంబర్లు తెలిసిన మనిషి

మరుసటి ఏడాది పోటీకి నంబర్లు వేసే మనిషి కావాల్సివచ్చింది. ఆ పనికి ముక్కు అక్కర్లేదు. అన్నీ తెలిసి కూడా నోరు మెదపని మనిషి కావాలి. నేను గంగాధర్ కాక పేరు చెప్పాను. రానంటాడేమో అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకొని అందరికన్నా ముందే వచ్చాడు. కప్పులు కడిగించి, పొడి తూచి, నంబర్లు వేసి, మేం లోపలికి రాకముందే తన పని ముగించి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నాడు.

మేం లోపలికి వెళ్లబోతుండగా కేతన్‌భాయ్ వచ్చాడు. కాకతో ఆయన గుజరాతీలో అన్నది నేను విన్నాను.

"గంగాధర్‌భాయ్, బాగున్నారా? ఊరికే అడుగుతున్నా, మనది గట్టెక్కేలా ఉందా? నంబర్ చెప్పొద్దులే. తలూపండి చాలు."

కాక తల ఊపలేదు. నవ్వనూ లేదు. "లోపల రుచి చూడబోతున్నరు సేఠ్. జర ఆ పక్కకు కూసోండ్రి," అన్నాడు. కేతన్‌భాయ్ ఎర్రబడ్డ మొహంతో వెళ్లి మిగతా వ్యాపారుల పక్కన కూర్చున్నాడు.

రుచి చూడటం అయ్యాక మార్కులు కూడి, కాకను లోపలికి పిలిచారు. ఒక్కో నంబరు ఎవరిదో ఆయనే చదివాడు. ఈసారి డస్ట్ టీ పంపిన నర్సయ్యకు ఆ తరగతిలో రెండోస్థానం. మధ్య ధర తరగతిలో మొదటిది మా కంపెనీ. ఈసారి న్యాయనిర్ణేతలం అందరమూ ఆ కప్పుకే ఎక్కువ మార్కులు వేశాం. కాక మా కంపెనీ పేరును కూడా మిగతా పేర్లలాగే, అదే గొంతుతో చదివి పక్క పేరుకు వెళ్లిపోయాడు.

మెడల్ తీసుకున్నాక కేతన్‌భాయ్ నేరుగా కాక దగ్గరికి వచ్చాడు.

"మా కప్పు ఏదో పొద్దున మీకు తెలుసు కదా. వాసన చూడలేకపోయినా, రంగు చూసైనా ధైర్యం చెప్పొచ్చుగా. ఒక్కసారి తలూపితే ఏం పోయేది? ఎలాగూ గెలిచాం కదా!"

కాక కప్పులు తుడిచే గుడ్డ భుజాన వేసుకొని, తన కుర్చీలో కూర్చుంటూ అన్నాడు. "నేను తలూపి ఉంటే, ఇప్పుడు మీ చేతుల ఉన్న మెడల్ మీద అందరికన్నా ముందు మీకే అనుమానం వస్తుండె సేఠ్."

కేతన్‌భాయ్ మెడల్‌ను ఒకసారి తిప్పి చూసుకున్నాడు. ఇంకో కుర్చీ లాక్కొని కాక పక్కన కూర్చున్నాడు.